చుక్కకూ చుక్కకూ మధ్య

ఇబ్రహీంపట్నం రింగు దగ్గర హైదరాబాద్ రోడ్డూ జగదల్‌పూర్ రోడ్డూ చీలేచోట ఎప్పుడు చూసినా ఒకటో రెండో పెద్ద ఫ్లెక్సీలు కట్టి ఉంటాయి. బస్సులోంచి చూసేవాడికి నాయకుడి ముఖం, మీసం, నవ్వు అన్నీ నున్నగా కనిపిస్తాయి. దిగి దాని కాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడితే ముఖం మాయమై నాలుగు రంగుల చుక్కలు, వాటి సందుల్లో తెల్లటి షీటు మిగులుతాయి. అదే మండలంలో ఉన్న కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్తే అక్కడా చుక్కలే: అంబారీ ఏనుగు నుదుటి మీద తెల్లవి, పల్లెపడుచు చీర అంచు మీద పసుప్పచ్చవి. ధనుర్మాసం వచ్చిందంటే ఈ ఊళ్ల వాకిళ్లన్నీ చుక్కలే.

చుక్కలతో బొమ్మ అనగానే ఇప్పుడు అందరి నోటా వచ్చే మాట పాయింటిలిజం, అంటే పక్కపక్కన పెట్టిన రంగు చుక్కలు చూసేవాడి కంట్లో కలవాలనే ప్యారిస్ చిత్రకారుల పద్ధతి. ముగ్గు మన పాయింటిలిజం అంటారు ఒకరు. తోలుబొమ్మ అంతకన్నా పాతదంటారు ఇంకొకరు. ఫలానా కుర్రాడు లక్షల చుక్కలతో అబ్దుల్ కలాం బొమ్మ వేశాడని జిల్లా పేజీలో వార్త వస్తుంది, కింద చుక్కల లెక్క, పట్టిన గంటల లెక్క ఉంటాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టవచ్చా అన్నది అసలు ప్రశ్న. దీన్ని తేల్చడానికి నాకు పనికొచ్చిన గీటురాయి ఒకటే. బొమ్మలోంచి చుక్కలన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని ఒక్కో కళ దగ్గరికీ వెళితే, పైకి ఒకేలా కనిపించే చుక్క ఎన్ని వేర్వేరు పనులు చేస్తోందో తెలుస్తుంది.

ముగ్గుతోనే మొదలుపెట్టాలి, ఎక్కువ దావాలు దాని మీదే ఉన్నాయి కాబట్టి. పదిహేను నుంచి ఎనిమిది వరకు సందు చుక్క అంటే తెలుగింటి ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నడిమి వరసలో 15 చుక్కలు పెట్టి, కిందికీ పైకీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపాలి. మొత్తం 169 చుక్కలు. ప్రతి వరసా పై వరస చుక్కల సందుల్లో పడుతుంది కనుక ఆరు పలకల ఆకారం వస్తుంది. ఎదురు చుక్క పెడితే చతురస్రాలు వస్తాయి. ఆ తర్వాత రెండు దారులు. చుక్కల్ని కలుపుతూ పోతే తామరపువ్వో, నెమలో, రథమో వస్తుంది, చుక్కలు గీత కింద కప్పబడిపోతాయి. చుక్కల్ని తాకకుండా వాటి చుట్టూ తిప్పుకుంటూ పోతే మెలికల ముగ్గు వస్తుంది, చుక్కలు కళ్ల ముందే ఉంటాయి గానీ చూపు మెలికనే పట్టుకు పోతుంది. రెండింట్లోనూ బొమ్మ గీతదే. చుక్క దానికి ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది. ముగ్గు పూర్తయ్యాక ఓపిగ్గా చుక్కల్ని తుడిచేసినా నెమలి నెమలిగానే ఉంటుంది.

అలాగని చుక్కది చిన్నపాటి పనని నేననడం లేదు. వాకిట్లో కాగితం లేదు, స్కేలు లేదు, చెరిపి దిద్దుకునే వెసులుబాటు తక్కువ. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పిండి జారిపోతుంటే, నడుం వంచి వెనక్కి నడుస్తూ సమానమైన ఎడం పాటించాలి. ఎడం కుదిరితే ముగ్గు దానంతటదే కుదురుతుంది. పుస్తకంలో చూసిన ముగ్గు మరుసటి ఏడాదికి గుర్తుండడానికి కారణం కూడా ఈ లెక్కే. బొమ్మంతా గుర్తుంచుకోనక్కర్లేదు, ఎన్ని చుక్కలు, ఎంతవరకు, సందా ఎదురా అన్నది తెలిస్తే చాలు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ బృందం 1970లలో తమిళ కోలాల మీద చేసిన పని ఈ సంగతినే పట్టుకుంది. కొద్దిపాటి నియమాలతో ఎంతెంత క్లిష్టమైన బొమ్మలు పుట్టుకొస్తాయో చూపడానికి కంప్యూటర్ శాస్త్రానికి కోలం ఒక ఉదాహరణ అయింది. కాబట్టి ముగ్గుకు దక్కాల్సిన గౌరవం గణితం వైపు నుంచి దండిగానే ఉంది, దాన్ని ప్యారిస్‌కు తీసుకెళ్లి చుట్టరికం కలపాల్సిన పని లేదు.

గీత అసలే గీయకుండా చుక్కలు మాత్రమే వదిలేసిన పని కూడా మన నేల మీద ఒకటుంది. తెలంగాణలో కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, ఇనుపయుగానికి అటూ ఇటూ మనుషులు నిలిపిన రాళ్ల మధ్య ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. అవి సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని పరిశోధకులు గుర్తించారు. ఆ రాళ్లు మూడున్నర వేల ఏళ్ల నాటివని అంచనా. ఇక్కడ చుక్కలు తీసేస్తే బండ మిగులుతుంది, అంతే. కానీ అందులోనూ చుక్కలు కలిసి రంగూ నీడా అయిపోవు. చూసేవాడు ఆకాశాన్ని ఎరిగి ఉండాలి, గీతల్ని తనే మనసులో గీసుకోవాలి.

కొండపల్లికి వస్తే చుక్క వేరే కొలువులో ఉంది. తెల్లపొణికి చెక్కను ఆరబెట్టి, చెక్కి, చేతులూ తొండాలూ చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి, సుద్ద పూత పూసి, ఆ పైన రంగులు వేస్తారు. చుక్క పడేది అన్నిటికన్నా చివర, ఒంటి రంగు ఆరిపోయాక. అంబారీ ఏనుగు ఒకటి చేతిలోకి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకోండి. నుదుటి మీద వంపుగా సాగిన తెల్ల చుక్కల వరసలో మొదటిది లావుగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండోది దానికన్నా చిన్నది, మూడోది ఇంకా చిన్నది. అయిదో ఆరో అయ్యాక మళ్లీ ఒక లావు చుక్క. రంగులో ఒకసారి ముంచిన మొన ఎన్ని చుక్కలకు సరిపోయిందో ఆ వరసే చెబుతుంది. ఎక్కడ మళ్లీ ముంచారో కూడా తెలుస్తుంది. అనుభవమున్న చెయ్యి ఆ తగ్గుదలను వాడుకుంటుంది: లావు చుక్క నుదుటి నడుమ పడేలా, సన్నవి చెవుల వైపు జారేలా మొదలుపెడుతుంది. యంత్రంతో వేసిన చుక్కలకూ వీటికీ తేడా అక్కడే పట్టుబడిపోతుంది, యంత్రం చుక్కలన్నీ ఒక్క కొలతలో ఉంటాయి.

అయినా గీటురాయి గీటురాయే. ఏనుగు మీద చుక్కలన్నీ గీకేసినా ఏనుగు పోదు. నగలు తీసిన పెళ్లికూతురిలా కాస్త బోసిపోతుంది, అంతే. కొండపల్లి చుక్క అలంకారం. ఇక్కడినుంచి మచిలీపట్నం వైపు పోతే పెడన అద్దకం గుడ్డల మీద పువ్వుల సందుల్లో పడే చుక్కలది కూడా అదే వరస, ఖాళీని నింపడం. అయితే అక్కడ చుక్క వెనక చెక్క కష్టం ఉంది. టేకు అచ్చులో గీత నిలబెట్టడం సులువు, గుండుసూది తలంత చుక్కను ఒంటరిగా నిలబెట్టడం కష్టం. చుట్టూ చెక్కంతా తవ్వేశాక అది చిన్న దెబ్బకే ఎగిరిపోతుంది. కోరమండల్ తీరపు గుడ్డల్ని చూసి అచ్చులు వేయడం మొదలెట్టిన ఐరోపావాళ్లు ఈ చిక్కును చెక్క అచ్చులోకి సన్నని ఇత్తడి సూదులు దిగగొట్టి దాటారు. దాన్ని పికోటాజ్ అన్నారు.

పచ్చబొట్టును మాత్రం ఎవరూ ఈ జాబితాలో చేర్చకపోవడం విడ్డూరం. సూదిమొనతో ఒక్కొక్క పోటూ పొడిచి మసి ఎక్కించిన బొమ్మ అది, చుక్క తీసేస్తే ఒళ్లు తప్ప ఏమీ మిగలదు. కాకపోతే పొడిచేవాళ్లు కోరుకునేది గీతను. చుక్కలు విడివిడిగా కనిపిస్తే పనితనం తక్కువన్నమాట. ఏళ్లు గడిచేకొద్దీ మసి చర్మంలో పాకి, అమ్మమ్మల ముంజేతుల మీద ఆ చుక్కలు నిజంగానే గీతలైపోతాయి. ఇప్పటి టాటూ షాపుల్లో చుక్కల్ని చుక్కలుగా చూపించే పనికి గిరాకీ ఉంది. అది బయటినుంచి వచ్చిన రుచి.

తోలుబొమ్మ దగ్గర కథ మలుపు తిరుగుతుంది. మేక తోలును వేడినీళ్లతో శుభ్రం చేసి, బిగలాగి ఆరబెట్టి, వెలుతురు పారేలా పలచన చేస్తారు. మునుపు దేవతల బొమ్మలకు జింక తోలు వాడేవారు. మీద బొమ్మ గీసి, రంగు వేసి, రకరకాల ఉలులతో బెజ్జాలు కొడతారు. గుండ్రని ఉలి, అర్ధచంద్రపు ఉలి, మూడు పలకల ఉలి, ఒక్కోటీ ఒక్కో ఆకారపు బెజ్జం వేస్తుంది. పగలు చేతిలో పట్టుకుని చూస్తే సీతమ్మ మెడలో కనిపించేవి ఉత్త కంతలు. తెర వెనక దీపం పెట్టాక ఆ కంతలే కంటెలు, కాసులపేరు, వడ్డాణం. బొమ్మకు నగ పెట్టేది రంగు కాదు, రంగు లేని చోటు. పైగా ఆ చుక్క కదులుతుంది: బొమ్మను తెరకు ఆనిస్తే బెజ్జం అంచు పదునుగా ఉంటుంది, అంగుళం వెనక్కి లాగితే పరుచుకుని పక్క చుక్కతో కలుస్తుంది. హనుమంతుడు ఎగిరొచ్చేటప్పుడు ఒంటి మీద నగలు మసకబారి, తెరకు తగలగానే తళుక్కుమనడానికి ఇంతకుమించి మర్మం లేదు. దీపం వెలుగు తోలు మీది రంగును దాటి ఒకలా, బెజ్జాన్ని దాటి ఇంకోలా వచ్చి ప్రేక్షకుడి కంట్లో కలుస్తుంది. చుక్క బొమ్మలో ఉండి, మిశ్రమం చూసేవాడి కంట్లో జరగడం, ఈ వ్యాసానికి కావలసిన అసలు గుణం, పాత తెలుగు కళల్లో స్పష్టంగా కనిపించేది ఇక్కడే. అనంతపురం వైపు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పని ఇంకా సాగుతోంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గి ఆ బెజ్జాల పనితనం ఎక్కువగా లాంపుషేడ్ల మీదికి పోయిందని బాధపడేవాళ్లున్నారు. బాధ సహజమే గానీ, లాంపుషేడులోనూ చుక్క వెనక దీపం ఉంది. గాజుపెట్టెలో గోడకు కొట్టిన తోలుబొమ్మకు అది కూడా లేదు.

గోల్కొండ, హైదరాబాద్ సూక్ష్మచిత్రాల్లో చుక్క ఉందన్న సంగతి చాలామంది గమనించరు, గమనించకూడదనే వేశారు కాబట్టి. సన్నని వెంట్రుకల కుంచెతో చెంప మీద, గడ్డం కింద కంటికి ఆనని చుక్కలు పెట్టి నీడ తెచ్చే ఆ పనిని పర్దాజ్ అంటారు. మొగల్ చిత్రశాలల నుంచి రాజస్థానీ, దక్కనీ చిత్రాల దాకా అది నడిచింది. చుక్కల్ని తీసేస్తే ముఖం చదునైపోతుంది, గుండ్రదనం పోతుంది. అంటే నీడ పూర్తిగా చుక్క మీదే నిలబడింది. పాయింటిలిజానికి ఆద్యుడు జార్జ్ సొరా పుట్టడానికి రెండు వందల ఏళ్లకు పైబడి ముందే ఈ పని ఉంది. స్టిప్లింగుకు, అంటే నలుపు తెలుపుల్లో చుక్కలతో నీడ తెచ్చే పనికి మూలం వెతుక్కునే మన డ్రాయింగ్ మాస్టార్లు ముందుగా వెళ్లాల్సింది సాలార్‌జంగ్ మ్యూజియానికి.

ఇక సొరా. 1859లో పుట్టి 1891లో, ముప్పై రెండేళ్లయినా నిండకుండా పోయాడు. 1884 నుంచి 1886 దాకా వేసిన గ్రాండ్ జాట్ దీవి చిత్రం, రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు, ఇప్పుడు షికాగోలో ఉంది. అతని వెనక ఉన్న శాస్త్రం ఒక రంగుల బట్టీలో పుట్టిందని మన అద్దకం, నేత ఊళ్లవాళ్లకు చెబితే సంతోషిస్తారు. ప్యారిస్‌లో గోబెలాఁ నేతశాల అద్దకానికి పెద్దగా ఉన్న రసాయనవేత్త షెవ్రోల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది: నల్లదారం నల్లగా ఉండడం లేదని. పరీక్షిస్తే దారంలో లోపం లేదు, దాని పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోంది. ఆ పరిశీలనే పెరిగి 1839లో పక్కపక్క రంగుల మీద పెద్ద పుస్తకమైంది. మంగళగిరి చీర అంచు రంగు ఒంటి రంగును మార్చి చూపిస్తుందని నేతగాళ్లకు తెలుసు. షెవ్రోల్ దాన్ని నియమంగా రాశాడు.

ఇక్కడో అపోహను కాస్త గట్టిగానే తోసిపుచ్చాలి. పలక మీద రంగులు కలిపితే మాసిపోతాయి, చుక్కలుగా పక్కపక్కన పెడితే కంట్లో కలిసి మరింత ప్రకాశిస్తాయి అని పాఠ్యపుస్తకాల్లో కూడా రాస్తారు. కంట్లో కలిసినప్పుడు వచ్చేది రెండు రంగుల సగటు. సగటు ఆ రెండింట్లో వెలుతురు ఎక్కువున్నదాన్ని ఎన్నటికీ మించదు. నీలం చుక్కలూ పసుపు చుక్కలూ ఒత్తుగా పెట్టి దూరం నుంచి చూడండి. పలక మీద కలిపితే వచ్చే ఆకుపచ్చ రాదు, బూడిద ఛాయ వస్తుంది. మరి సొరా చిత్రంలో ఆ మిలమిల ఎక్కడిది? చుక్కలు పూర్తిగా కలిసిపోకపోవడం వల్ల వచ్చింది. అతని చుక్కలు మామూలుగా చూసే దూరానికి కాస్త పెద్దవి. కన్ను కలపబోతుంది, కలపలేకపోతుంది, ఆ తడబాటులో తెర వణికినట్టుంటుంది. అతని సిద్ధాంతం చెప్పింది ఒకటి, కుంచె చేసింది ఇంకొకటి. నన్నడిగితే కుంచెదే పైచేయి. సొరా వాడిన జింకు పసుపు రంగు కొన్నేళ్లకే మట్టిరంగులోకి తిరిగింది కూడా, కనుక ఇవాళ మనం చూసే గడ్డి అతను వేసిన గడ్డి కాదు. అతని తర్వాత ఉద్యమాన్ని మోసిన సిన్యాక్ 1899 నాటి పుస్తకంలో, చుక్క పెట్టడం మా పద్ధతి కాదు, రంగును విడగొట్టడం మా పద్ధతి అని వాదించాడు. వాళ్లతో చేరిన చిత్రకారుడు పిస్సారో కొన్నేళ్లు ప్రయత్నించి, ఓపిక చాలక వదిలేశాడు.

మన చిత్రకారుల్లో ఇది వేళ్లూనకపోవడానికి కారణం వెతకడం కష్టం కాదు. 1910లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ నేర్పింది బెంగాల్ వాష్. అడివి బాపిరాజు ఆ బడిలోంచే వచ్చాడు. కాగితాన్ని తడిపి, రంగు కడిగి, అంచులన్నీ పొగమంచులా కరిగించే పద్ధతికీ చుక్కకూ పొత్తు కుదరదు. తర్వాతి తరం గీత వైపు పోయింది. ముద్రణ చిత్రకారుల్లో మాత్రం చుక్క దొడ్డిదారిన వచ్చింది. లక్ష్మాగౌడ్ చేసిన ఆక్వాటింట్లలో నీడ వచ్చేది లోహపు రేకు మీద రజనం పొడి చల్లి, వేడి చేసి, యాసిడ్‌లో ముంచడం వల్ల. పొడి రేణువు ఉన్నచోట రేకు బతికిపోతుంది, లేనిచోట యాసిడ్ తింటుంది. చెయ్యి పెట్టని చుక్కలవి.

అసలైన చుక్కల బడి మనకు వేరేచోట నడిచింది. ప్రెస్సుల్లో. బెజవాడ గవర్నర్‌పేట సందుల్లో సీసం అక్షరాలు కూర్చిన రోజుల్లో అచ్చుయంత్రానికి బూడిద రంగు తెలియదు. సిరా పడుతుంది, లేదా పడదు. ఫొటోలో ఉన్న సగం వెలుగుల్ని ఎలా చూపాలి? లోహపు బ్లాకు మీద ఫొటోను చుక్కలుగా విరగ్గొట్టాలి. నీడ ఉన్నచోట లావు చుక్క, వెలుగున్నచోట సన్న చుక్క, ఎడం మాత్రం అంతటా ఒకటే. అదే హాఫ్‌టోన్. దానికి గీతల బొమ్మకు చేసే లైను బ్లాకు కన్నా ఖర్చు ఎక్కువ, నాసి న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి ముఖాలు మసిబొగ్గులయ్యేవి. అందుకే పత్రికలకు కథల బొమ్మలు వేసేవాళ్లు నీడను తామే పెన్నుతో గీతలుగానో చుక్కలుగానో విడగొట్టి ఇచ్చేవారు, చవకగా లైను బ్లాకు చేసుకోవచ్చని. పాత వారపత్రికల కథల బొమ్మల్లో నాయిక వెనక గోడ మీద కనిపించే చుక్కల్ని ఇప్పుడు శైలి అంటున్నాం. సగం శైలి, సగం బ్లాకు మేకర్ బిల్లు.

హాఫ్‌టోన్ చరిత్రలో మనదేశం పేరు గట్టిగా వినిపించే చోటు కలకత్తా. సత్యజిత్ రాయ్ తాత ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1890లలో అక్కడ సొంత సంస్థ పెట్టి, ఇంగ్లండ్‌లో అచ్చుపనివాళ్లు ప్రమాణంగా చూసే పెన్‌రోజ్ వార్షికలో వరసగా శాస్త్ర వ్యాసాలు రాశాడు. వాటిలో ఒకటి అరవై డిగ్రీల గీతల స్క్రీను గురించి. మామూలు స్క్రీనులో గీతలు నిలువు అడ్డంగా కోసుకుని చదరాలు చేస్తాయి. అరవై డిగ్రీల్లో కోసుకుంటే ప్రతి చుక్కకూ ఆరు చుక్కలు సమదూరంలో ఉంటాయి. పైన చెప్పిన సందు చుక్క లెక్క ఇదే. ఎదురు చుక్కా సందు చుక్కా అన్న వాకిలి తగవు హాఫ్‌టోన్ శాస్త్రంలోకి కూడా వెళ్లిందన్నమాట. ముగ్గుకూ ముద్రణకూ చుట్టరికం చూపాలనుకునేవాళ్లకు సొరా కన్నా ఇది గట్టి సాక్ష్యం. చుక్క ఎంత ఉందన్నదాని కన్నా ఎడం ఏ కోణంలో ఉందన్నది ముందు తేల్చుకోవాలని రెండు పనులూ చెబుతాయి.

నాలుగు రంగుల ఆఫ్‌సెట్ వచ్చాక కోణం ఇంకా ముఖ్యమైంది. పసుపు, మజెంటా, సయాన్, నలుపు. ప్రెస్సు మనుషులు మజెంటాను రెడ్ అనీ, సయాన్‌ను బ్లూ అనీ అంటారు. నాలుగూ ఒకే కోణంలో పడితే చుక్క మీద చుక్క పడి, ఏ కాస్త జరిగినా రంగు మారిపోతుంది. అందుకని నలుపు 45 డిగ్రీలకు, మజెంటా 75కు, సయాన్ 15కు తిప్పి, ఎలాగూ కంటికి సరిగా ఆనని పసుపును 0 దగ్గర వదిలేస్తారు. నలుపుకు 45 ఎందుకంటే నిలువు, అడ్డ వరసల్ని కన్ను ఇట్టే పట్టేస్తుంది, ఏటవాలు వరసల్ని అంతగా పట్టదు. కోణాలు తప్పితే చీర మడతల మీద లేని నీళ్ల గళ్లు తేలతాయి, మోరే వచ్చిందంటారు.

రోజూ ఇంటికొచ్చే దినపత్రికలో రంగుల ఫొటో ఒకటి తీసుకుని భూతద్దం పెట్టి చూస్తే ఇవన్నీ అరచేతిలో ఉంటాయి. బుగ్గ మీద చూడండి: మజెంటా, పసుపు చుక్కలు గులాబీ రేకుల్లా గుండ్రంగా సర్దుకుని ఉంటాయి, మధ్యలో తెల్లకాగితం. జుట్టు దగ్గర నలుపు చుక్కలు ఎంత లావెక్కాయంటే ఒకదాన్నొకటి తాకి, వాటి సందులే తెల్ల చుక్కలుగా మారతాయి. పెదవి దగ్గర ఒక పక్క ఎర్రటి గీత, ఇంకో పక్క నీలపు గీత ఉంటే ఆ పేజీ రిజిస్టర్ తప్పినట్టు. ఒక ప్లేటు మిగతా వాటికి వెంట్రుకవాసి పక్కకు జరిగింది. తెల్లవారుజామున బండిల్ కట్టేవాళ్లకు ఇది పట్టదు, మెషిన్ మ్యాన్‌కు పడుతుంది. బెజవాడ ప్రెస్సుల్లో చేతిలో లెన్స్ పెట్టుకుని షీటు మీదికి వంగిన ఆ మనిషికి రంగు కంట్లో కలవడం గురించి తెలిసినంత, చిత్రకళ మీద పుస్తకాలు రాసే చాలామందికి తెలియదని నా నమ్మకం.

దూరం లెక్క కూడా ప్రెస్సు వాళ్లదే. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీయలేదు. దీన్ని కొలతలోకి మారిస్తే, మిల్లీమీటరు ఎడంతో ఉన్న చుక్కలు సుమారు మూడున్నర మీటర్ల దూరంలో కలిసిపోతాయి. అంగుళానికి 150 వరసలతో ఆర్ట్ పేపరు మీద అచ్చయిన క్యాలెండరు చుక్కలు రెండడుగుల లోపే కలుస్తాయి. అంగుళానికి 85 వరసల న్యూస్‌ప్రింట్ చుక్కలు కలవాలంటే మీటరు కావాలి. మనం పేపరు పట్టుకునేది అందులో సగం దూరాన. అంటే చుక్కలు రోజూ కంటి ముందే ఉన్నాయి, వార్త మీద ధ్యాసలో వాటిని వదిలేస్తున్నాం. రింగు దగ్గరి ఫ్లెక్సీలో చుక్క మొరటుగా ఉన్నా ఎవరికీ తప్పనిపించదు, దాన్ని మీటరు దూరంలో నిలబడి చూడమని ఎవరూ అడగరు కదా.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఇప్పటి పెన్ను చుక్కల కుర్రాళ్ల పని చూస్తే మంచీ చెడూ రెండూ తేటపడతాయి. సన్నమొన పెన్నుతో ఏ3 షీటు మీద తాతగారి ముఖాన్ని వారాల తరబడి వేయడం తపస్సే. వాటిలో నిజంగా బావున్నవి చూశాను: కళ్లజోడు గాజు మీద వెలుగు పడ్డ చోట ఒక్క చుక్కా పెట్టకుండా కాగితాన్ని వదిలేసే ధైర్యం ఉన్నవి. వదిలేయడం తెలిసినవాడు పది వేల చుక్కల్లో ముగిస్తాడు. తెలియనివాడు ఎన్ని లక్షలు పెట్టినా అంతటా ఒకే బూడిద. చుక్కల సంఖ్యను వార్త చేసే పత్రికలు ఈ రెండోవాడికే మెడల్ ఇప్పిస్తున్నాయి. ఇంకో దారి కూడా ఉంది, దాని గురించి పోటీల జడ్జీలు తెలుసుకోవడం మంచిది. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రచురించిన చిన్న గణన పద్ధతి ఏ ఫొటోనైనా క్షణంలో నలుపు తెలుపు చుక్కలుగా మార్చేస్తుంది. అది ఇప్పుడు ఫోన్లో ఉంది. దాన్ని ప్రింటు తీసి, కింద లైటు పెట్టి, చుక్క మీద చుక్క దిద్దితే ఓపిక మాత్రమే మనది, ఎడం ఎక్కడ ఎంతుండాలన్న నిర్ణయం యంత్రానిది. కనిపెట్టడం కష్టమేమీ కాదు, ఆ పద్ధతి వేసిన చుక్కల్లో పాముల్లా మెలికలు తిరిగే వరసలు కనిపిస్తాయి. మనిషి చెయ్యి ముఖం వంపు వెంబడి పోతుంది.

చుక్క అందరికీ కలిసిపోవడానికే కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1971 నుంచి ఆస్ట్రేలియాలో పాపున్యా ఆదివాసులు వేసిన చుక్కల చిత్రాల్లో, బయటివాళ్లు చూడకూడని పవిత్ర గుర్తుల్ని కప్పేయడానికి చుక్కలు పనికొచ్చాయి. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ గోండు చిత్రకారులకు చుక్కల అల్లిక సంతకం లాంటిది, దాన్ని బట్టి ఎవరి చెయ్యో చెప్పేస్తారు. అక్కడ చుక్కలు దూరం నుంచి కలిసిపోతే వాళ్ల పని వృథా.

కాబట్టి పాయింటిలిజం అన్న ఒక్క సంచిలో ఇవన్నీ కుక్కడం వల్ల లాభం లేదు. ముగ్గుది లెక్క, కొండపల్లిది నగ, పచ్చబొట్టుది గీత, పర్దాజ్‌ది నీడ. కంట్లో కలిపించే పని తోలుబొమ్మ దీపంతో చేసింది, ప్రెస్సు సిరాతో చేసింది. తెలుగువాళ్లలో ఈ విద్య అత్యధికంగా అచ్చయింది ప్రెస్సు నుంచే. మన పిల్లలు చందమామ రంగుల బొమ్మలు కళ్లకు అద్దుకున్నప్పుడు చూసింది వడ్డాది పాపయ్య కుంచెనొక్కదాన్నే కాదు, దాన్ని చుక్కలుగా విరగ్గొట్టి మళ్లీ కుదిర్చిన మద్రాసు ప్రెస్సును కూడా. అలాంటి జింకు బ్లాకులు ఆఫ్‌సెట్ వచ్చాక తుక్కు కింద కిలోల లెక్కన పోయాయి. మిగిలినవాటిని ఏ కళాశాలైనా సేకరించి, పక్కన ఒక తోలుబొమ్మనూ ఒక భూతద్దాన్నీ పెడితే చుక్కల పాఠానికి వేరే పుస్తకం అక్కర్లేదు.

పెన్నుతో పనిచేసేవాళ్లకు చెప్పవలసింది ఇంకొకటుంది. వాళ్ల బొమ్మలు ఇప్పుడు నూటికి తొంభై మంది చూసేది ఫోన్లో. అరమిల్లీమీటరు ఎడంతో పెట్టిన చుక్కలు కలవాలంటే మనిషి సుమారు పావుతక్కువ రెండు మీటర్ల దూరాన నిలబడాలి. ఫోన్ ఆ బొమ్మను అరచేతికి కుదించేటప్పుడు దాని పిక్సెళ్లూ ఈ చుక్కలూ కోణాలు కుదరక మోరే పుట్టించి, వేసినవాడు వేయని గళ్లన్నీ చూపిస్తుంది. ప్రదర్శనల్లో చట్రం కింద బొమ్మ కొలత, పెన్ను రకం, పట్టిన రోజులు రాస్తున్నారు. ఏ దూరం నుంచి చూడాలో ఒక్క ముక్క రాసి, నేల మీద అక్కడ సుద్దతో ఒక గీత గీస్తే చాలు.